అత్తయ్య పంపిన కబురు

హైమవతి పెట్టె సర్దుకుంటోంది.

రేపు తల్లి పెద్దకర్మ పెట్టుకుని ఇవాళ పుట్టింట్లోంచి బయల్దేరే ఆడపిల్లని పుష్పవతి ఎక్కడా చూడలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి ఆడపడుచు చేతులవంకే చూస్తోంది. హైమవతి చీరలు మడతపెట్టడం లేదు, కుక్కుతోంది. మూత పడకపోతే మోకాలు ఆనించి నొక్కుతోంది.

"వదినా, సాయంత్రానికి చుట్టాలు దిగుతారు. మీరు లేకపోతే ఏమనుకుంటారు?"

"ఏమనుకోవాలో మీ ఆయన పొద్దున్నే చెప్పేశాడుగా. సీతారావమ్మ అబద్ధాలకోరు అనుకుంటారు."

"ఆయన ఆ ఉద్దేశంతో అనలేదు వదినా."

"ఏ ఉద్దేశంతో అన్నాడో నాకెందుకు? నలుగురిలో అన్నాడు. మా అమ్మని అంత మాట అన్న ఇంట్లో నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను."



పొద్దున జరిగింది ఇంతే. ముసునూరు నుంచి వచ్చిన బాబాయి అరుగు మీద కూర్చుని, "నీకు కబురు అంది కూడా రాలేదంటున్నారు, నిజమేనా కృష్ణా?" అని అడిగాడు. చావింట్లో అడగకూడనివి అడగడానికి ఒక పెద్దమనిషి ఎప్పుడూ ఉంటాడు.

అన్నాళ్ళూ తల వంచుకుని తిరిగిన వెంకటకృష్ణారావు అప్పుడు తలెత్తాడు. "అందింది బాబాయ్. ఎందుకు అందలేదు? కానీ అమ్మ ప్రతి మామిడి సీజన్లోనూ అలాగే పంపేది, ఒంట్లో బాగోలేదని. గుండెలు చేత్తో పట్టుకుని వచ్చి చూస్తే ఏమీ ఉండేది కాదు. ఈసారీ అదే అనుకున్నాను."

అక్కడున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పుష్పవతి అందిస్తున్న గ్లాసు ఒలికి, సగం మజ్జిగ బాబాయి పంచె మీద పడింది.

భర్త మాటలో అబద్ధం లేదు. అన్న మనిషికి తెలిసినంతవరకూ లేదు. అబద్ధం ఎక్కడుందో ఆ ఇంట్లో ఒక్క పుష్పవతికే తెలుసు. తెలిసిన రెండో మనిషిని కాటికి పంపేశారు.

నూజివీడులో భాస్కరరావుగారి మామిడి మండీకి ఒక పద్ధతి ఉంది, ఆయన తండ్రి నాటిది. సీజన్లో మొదటి లారీకి కొబ్బరికాయ కొట్టిన రోజున గుమాస్తాలు పక్కబట్టలతో మండీలో దిగిపోతారు. తొలకరి పడి చివరి లారీ కదిలేదాకా వాళ్ళకి ఇల్లు లేదు. కృష్ణారావు అక్కడ పెద్ద గుమాస్తా. ఇల్లు సైకిలు మీద పోయేంత దూరంలోనే ఉన్నా, అతని భోజనం క్యారియర్లో, సువర్ణరాజు రిక్షాలో వెళ్ళాల్సిందే.

సెలవు అడిగితే భాస్కరరావుగారు కోప్పడరు. "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?" అని అడుగుతారు. బాగోలేదంటే ఆ క్షణమే పంపిస్తారు, ఆ విషయంలో ధర్మాత్ముడే. అందరూ బాగున్న ఇంటి మగవాడికి మాత్రం ఆ మూడు నెలలూ ఇంటితో పనేమిటో ఆయనకి అర్థం కాదు.

పుష్పవతికి ఈ పద్ధతి అర్థమైంది కూతురు రాధ అడుగులు వేయడం మొదలుపెట్టిన వేసవిలో. పిల్ల మంచం పట్టె పట్టుకుని నిలబడుతోంది, ఇవాళో రేపో వదిలేస్తుంది. తండ్రి చూడాలని తల్లికి ఆశ. పిల్ల నడుస్తోంది రమ్మంటే మండీలో నవ్వుతారు. సువర్ణరాజు క్యారియర్ అందుకుంటుంటే, "పెద్దావిడకి ఒంట్లో బాగోలేదని చెప్పు" అనేసింది. ఆ మాట తన నోట్లోంచి ఎలా ఊడిపడిందో తనకే తెలీదు.

కృష్ణారావు చెప్పులైనా లేకుండా వచ్చాడు. వీధిలో సైకిలు పడేసి అమ్మకేమైందని అతను వేసిన కేకకి, పప్పు చెరుగుతున్న సీతారావమ్మ కోడలి మొహంలోకి ఒకసారి చూసింది. చేట పక్కన పెట్టింది. మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, మంచమెక్కి, నెత్తిమీదుగా దుప్పటి లాక్కుంది.

"నీకేమైందే అమ్మా?" అని కొడుకు గాభరాగా అడిగితే, "కళ్ళు తిరిగాయిరా" అంది. ఆ సందులోనే రాధ పట్టె వదిలేసి, తప్పటడుగులు వేసుకుంటూ పోయి తండ్రి మోకాళ్ళు పట్టుకుంది.

కోడల్ని ఆమె ఏమీ అడగలేదు. ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. అక్కణ్ణుంచి ప్రతి సీజన్లోనూ సీతారావమ్మకి ఒకటి రెండుసార్లు ఒంట్లో బాగుండేది కాదు.

ఇక చివరి కబురు సంగతి వేరు. అది తలుచుకోవడానికే పుష్పవతికి ధైర్యం చాలడం లేదు.

కృష్ణారావు పెరటి గుమ్మంలోంచి వచ్చాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి, తల్లితో పాటు ఇతన్నీ సగం తీసుకుపోయినట్టున్నారు. పెట్టె చూశాడు.

"అక్కా, ఏంటిది? రేపు తెల్లారితే పంతులుగారు వస్తారు."

"రానీ. కర్మ చెయ్యాల్సింది కొడుకు. కొడుకువి నువ్వున్నావుగా."

"నేనేం తప్పు మాట్లాడాను? జరిగింది చెప్పాను."

"ఒరే కృష్ణా, ఒక్కటి చెప్పు. అమ్మ నీతో ఎప్పుడైనా అబద్ధమాడిందా? చిన్నప్పుడైనా?"

"చిన్నప్పటి మాట కాదక్కా. సీజన్లో..."

"సీజన్, సీజన్. నేను ఉంగుటూరు నుంచి బస్సు దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. నాది దూరం. ఊళ్ళో ఉన్నవాడివి, అమ్మ నోట్లో గుక్కెడు నీళ్ళు నువ్వెందుకు పొయ్యలేకపోయావు?"

"ఢిల్లీ లారీ నిండుతోంది. నిండగానే వద్దామనుకున్నాను."

"నిండిందా?"

కృష్ణారావు పెట్టెవంక చూశాడు.

"అడుగుతున్నాను. నిండిందా లారీ?"

"నిండింది."

హైమవతి పెట్టె గొళ్ళెం పెట్టింది. తమ్ముణ్ణి తిట్టినా బాగుండేదని పుష్పవతికి అనిపించింది. ఆ గొళ్ళెం చప్పుడు తర్వాత ఇంట్లో ఎవరికీ ఎవరితోనూ మాట్లాడే దారి లేకపోయింది.

వీధిలో స్కూటర్ ఆగింది.

భాస్కరరావుగారు అరుగెక్కి, వేసిన కుర్చీలో కూర్చున్నారు. ఆయనా మనిషి చిక్కిపోయి ఉన్నారు, చొక్కా కాలరు మట్టి కొట్టుకుపోయింది. పుష్పవతి మంచినీళ్ళిస్తే తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని, "రేపు అన్నీ సమకూరినట్టేనా అమ్మా?" అని అడిగారు.

"సమకూరాయండి."

"ఏం కావాలన్నా మొహమాటపడొద్దు." తర్వాత కృష్ణారావు వైపు తిరిగారు. "అడగడానికి నోరు రావడం లేదు కృష్ణారావ్. ఢిల్లీ నుంచి ట్రంకాల్ వచ్చింది. నువ్వు లేకుండా పంపిన లోడ్లన్నీ నల్లబడి దిగాయట. చెట్టు మీంచి దింపిన కాయని నీడన ఆరబెట్టకుండా, వేడి వేడిగా గడ్డిలో పెట్టి పెట్టెలు బిగించేశారు మనవాళ్ళు. తెలియక కాదు. నిలబడి నిద్రపోతున్నారు."

"నిలబడి నిద్రపోయేవాళ్ళని ఇంటికి పంపి పడుకోనివ్వొచ్చుగా" అంది హైమవతి లోపల్నుంచి. పెట్టె చేత్తో పట్టుకుని నడవలోకి వచ్చింది.

షావుకారుగారికి అలా ఎవరూ అడ్డు తగలరు. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"మా నాన్నగారి కాలం నుంచీ ఇంతేనమ్మా. కాయ ఆగదు కదా. తొమ్మిది నెలలు ఇంటి పట్టునే ఉంటారు, ఈ మూడు నెలలే."

"మా అమ్మ ఈ మూడు నెలల్లోనే పోయిందండీ."

భాస్కరరావుగారు గ్లాసు కింద పెట్టారు. ఓదార్పుగా ఏదో ఒకటి అనాలనుకున్నారు కాబోలు, అనకూడనిదే అన్నారు.

"నిజమేనమ్మా. కానీ మీ తమ్ముడి తప్పేం లేదు. ఆవిడకి పాపం కొడుకు మీద బెంగ, ఏటా అలాగే కబురు పెట్టేవారు. మేమూ మండీలో నవ్వుకునేవాళ్ళం, మీ అమ్మగారికి సీజన్ జబ్బు వచ్చిందోయ్ వెళ్ళు, అని. నేనైనా ఈసారీ అదే అనుకుందును."

సీజన్ జబ్బు. ఆ పేరు పుష్పవతి ఎన్నడూ వినలేదు. తను ఆడిన మాటకి మండీలో పేరు పెట్టుకుని నవ్వుకున్నారన్నమాట. ఆ నవ్వంతా భరించిన మనిషి కట్టెల్లో కాలిపోయింది.

హైమవతి మెట్టు దిగబోయింది. కృష్ణారావు లేచి అక్క చెయ్యి పట్టుకుని నడవలోకి లాగాడు. పెట్టె గుంజబోయాడు. ఆవిడ విదిలించుకుంది.

"వదలరా. మీ షావుకారుగారు కూడా సాక్ష్యం చెప్పాక ఇంకెందుకు నేను?"

"వదినా, ఆగండి" అంది పుష్పవతి. "ఆ కబుర్లు అత్తయ్య పంపలేదు. నేను పంపాను."

ఇద్దరూ ఆమెవైపు తిరిగారు.

ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. తడబడుతూ, వెనకదీ ముందదీ కలిపేస్తూ చెప్పుకుపోయింది. రాధ అడుగుల సంగతి, మరుసటేడు పిల్లకి పుట్టెంట్రుకలు తీయించిన సంగతి, ఏమీ లేకపోయినా ఊరికే, మొగుడి మొహం మరిచిపోతానేమోనని భయమేసి పంపిన సంగతి. ప్రతిసారీ అత్తయ్య అడక్కుండానే మంచమెక్కి ముసుగు పెట్టుకున్న సంగతి.

"నన్ను దొంగని చెయ్యడం ఇష్టం లేక ఆవిడే అయింది. మీరు విసుక్కున్నా పడింది. ఒక్కసారైనా నా పేరు చెప్పలేదు."

హైమవతి మెల్లగా పెట్టె మీదే కూర్చుంది.

కృష్ణారావు అడిగాడు. "మరి మొన్నటిది?"

పుష్పవతి నేలచూపులు చూసింది.

"అదీ నువ్వేనా?"

"కాదు. అది అత్తయ్య చెప్పింది. కానీ ఆ మాటలు ఆవిడవి కావు."

"ఏమంది?"

"మంచం మీద కూర్చునే ఉంది. మాట బాగానే ఉంది. నాకేం తేడా కనపడలేదండీ, రాధ మీద ఒట్టు. 'వాణ్ణొకసారి చూడాలనుంది పుష్పా, వీలుంటే రమ్మను' అంది. నేను సరేనని వీధిలోకి వచ్చాను. చూడాలనుందంటే మిమ్మల్ని మండీలోంచి ఎవరు వదుల్తారు అనుకున్నాను. అందుకని సువర్ణరాజుతో ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. నేనే మార్చాను."

"చూడాలనుందని అందా? ఆ మాటే అందా?"

"ఆ మాటే అంది."

కృష్ణారావు గోడకి ఆనుకున్నాడు. మాట్లాడినప్పుడు గొంతు వేరేవాళ్ళ గొంతులా ఉంది.

"అమ్మ నన్ను ఎప్పుడూ రమ్మనలేదు. హాస్టల్లో ఉన్నప్పుడూ అనలేదు, నాన్న పోయినప్పుడూ అనలేదు. రమ్మనడం ఆవిడకి తెలీదు. అదేంటి, సీజన్లో మాత్రం పిలుస్తోంది అని నాకే వింతగా ఉండేది. ఆ ఒక్క మాట వచ్చుంటే పుష్పా, అమ్మ నన్ను చూడాలందని సువర్ణరాజు చెప్పుంటే, లారీ సంగతి నాకు గుర్తుండేదా?"

పుష్పవతి ఏడుస్తోంది. ఆమె ఏడుపుకి చప్పుడు లేదు.

"నువ్వు నాకిది చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు. "అమ్మే అబద్ధమాడిందనుకుని ఎలాగోలా బతికేసేవాణ్ణి."

చిలక్కొయ్యకున్న చొక్కా తీసి వేసుకుని అరుగు మీదకి వెళ్ళాడు. తలుపు ఓరగా ఉంది. లోపలి మాటలు షావుకారుగారికి వినపడే ఉంటాయి, ఆయన తల వంచుకుని కూర్చున్నారు.

"షావుకారుగారూ, ఒకటి అడుగుతాను. మా అమ్మ నన్ను చూడాలనుందని కబురంపితే మీరు పంపేవారా?"

భాస్కరరావుగారు తేలిగ్గా ఔననొచ్చు. చనిపోయిన మనిషి ఇంట్లో అలాంటి మాటకి ఎవరూ లెక్క అడగరు. ఆయన అనలేదు.

"ఏం చెప్పమంటావ్ కృష్ణారావ్. సీజన్లో అందరికీ ఎవర్నో ఒకర్ని చూడాలనే ఉంటుంది. ఒక్కొక్కణ్ణీ పంపుకుంటూ పోతే మండీ నడుస్తుందా అనుకునేవాణ్ణి." స్కూటర్ తాళంచెవి చేతిలోకి తీసుకున్నారు. "మా ఇంట్లో ఆవిడ కూడా మొదట్లో అనేది, ఒకసారి వచ్చి పొండి అని. అనడం మానేసింది. ఎప్పుడు మానేసిందో నాకు తెలీదు."

లేచి స్కూటర్ దగ్గరికి నడిచారు. "నువ్వు రావద్దు. రేపు కార్యం కానివ్వు, ఆ తర్వాత కూడా నీ ఇష్టం. కుళ్ళినవి ఎలాగూ కుళ్ళాయి."

"ఇక్కడుండి నేనేం చెయ్యను?" అన్నాడు కృష్ణారావు. "పదండి."

"కర్మ చేసేవాడివి, ఇవాళ మండీలో అడుగు పెట్టకూడదోయ్."

"పదండి షావుకారుగారూ."

స్కూటర్ వీధి మలుపు తిరిగేదాకా వినపడింది. పుష్పవతి గుమ్మంలోనే నిలబడిపోయింది. అన్నేళ్ళూ ఆయన్ని మండీ పట్టుకుపోతోందని ఏడ్చింది. ఇవాళ మండీవాళ్ళు వద్దంటున్నా ఆయనే పోయాడు. తన మొహం చూడలేకే వెళ్ళాడు.

నడవలో హైమవతి పెట్టె మీంచి లేవలేదు. తిడుతుందని పుష్పవతి ఎదురుచూసింది. తిట్టాలి కూడా.

"ముసుగు పెట్టుకుని పడుకునేదా అమ్మ?" అని అడిగింది హైమవతి.

"అవును వదినా."

"పట్టపగలు మంచమెక్కితే మమ్మల్ని చంపేసేది. జ్వరమొచ్చినా పడుకోనిచ్చేది కాదు." నవ్వబోయింది, నవ్వు సగంలోనే ఏడుపైంది. "నీ కోసం పడుకుందన్నమాట. నేనెన్నిసార్లు రమ్మన్నా ఉంగుటూరొచ్చి ఒక్క పూట ఉండలేదే. నిన్ను వదిలి రానంది."

పుష్పవతి దగ్గరికి వెళ్ళబోయింది. హైమవతి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడు కాదు పుష్పా. నా దగ్గరికి ఇప్పుడు రాకు." పెట్టె మాత్రం తీసుకెళ్ళి లోపల గదిలో పెట్టేసింది.

మధ్యాహ్నం గడిచింది. చుట్టాలు ఒక్కొక్కరే దిగారు. ప్రతివాళ్ళూ కృష్ణారావు ఏడని అడిగారు, ప్రతివాళ్ళకీ హైమవతి ఒకటే చెప్పింది, పని మీద వెళ్ళాడు, వచ్చేస్తాడు అని. వంటవాళ్ళు పందిట్లో గాడిపొయ్యి తవ్వారు. రాధ నాన్నమ్మ మంచం మీద ఎక్కి కూర్చుని, దిగమంటే దిగనంది.

ఎండ దిగింది. కృష్ణారావు రాలేదు.

పంతులుగారు మనిషిని పంపారు. తెల్లవారుజామునే మొదలుపెట్టాలి, కర్త రాత్రికి ఉపవాసం ఉండాలి, ఇంట్లోనే ఉన్నాడు కదా అని. ఉన్నాడండి, అంది హైమవతి. ఆ మనిషి అటు వెళ్ళగానే వంటింట్లోకి వచ్చింది. పొద్దుట్నుంచీ మొదటిసారి మరదలి కళ్ళలోకి సూటిగా చూసింది.

"వాడు రాకపోతే రేపు అమ్మకి పిండం పెట్టేవాడు లేడు. కబురంపు."

"నేనా వదినా?"

"నువ్వే. నేను పిలిస్తే అక్క కోసం వచ్చినట్టు అవుతుంది. రావాల్సింది ఈ ఇంటికి."

ఎప్పటి వేళకే సువర్ణరాజు వీధిలో రిక్షా ఆపాడు. ఇవాళ ఆ ఇంట్లో క్యారియర్ లేదని అతనికీ తెలుసు, అయినా అలవాటు కొద్దీ వచ్చాడు. పుష్పవతి చేతులు తుడుచుకుంటూ వెళ్ళి, గేటు దగ్గర నిలబడింది.

"మండీకేనా సువర్ణరాజూ?"

"అవునమ్మగారూ. అయ్యగారు అక్కడే ఉన్నారు. వచ్చినప్పట్నుంచీ కాయల దగ్గరే కూర్చున్నారంట, ఎవరితోనూ మాట్లాడ్డం లేదంట." తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఏమన్నా చెప్పమంటారా?"

"ఇంటికి రమ్మని చెప్పు."

అతను వెంటనే కదల్లేదు. ఇన్నేళ్ళూ ఆ గేటు దగ్గర అందుకున్న కబుర్లన్నీ మోసినవాడు, మొన్నటిది కూడా మోసినవాడు.

"ఊరికే రమ్మంటే వస్తారాండీ? ఎందుకని అడుగుతారు. ఏమని చెప్పమంటారమ్మగారూ?"

పుష్పవతి నోరు తెరిచింది. ఏ మాట పంపితే తన మొగుడు నమ్ముతాడో ఆమెకి తెలియలేదు.